పేరు ఒక్కటే, మొక్కలు నాలుగు: కోళ్ళ దాణాలో హెంప్

ఫస్టియర్‌లో సి ల్యాంగ్వేజ్ నేర్చుకునేటప్పుడు మనందరికీ చెప్పిన పాఠం ఒకటుంది: రెండు వేరు వేరు విలువలకి ఒకే పేరు పెట్టొద్దు. పెడితే కంపైలర్ ఒక్కోసారి ఎర్రర్ చూపిస్తుంది, ఒక్కోసారి నోరు మెదపదు. నోరు మెదపనప్పుడే అసలు చిక్కు. ప్రోగ్రామ్ నడుస్తూనే ఉంటుంది, జవాబు మాత్రం తప్పు వస్తుంది.

ఈ వ్యాసం కోళ్ళ దాణా గురించి. అయినా సమస్య మాత్రం సరిగ్గా అదే. ‘హెంప్’ అనే ఒక్క ఇంగ్లీషు మాట తెలుగులోకి వచ్చేసరికి కనీసం నాలుగు మొక్కల మీద వాలుతుంది. అందులో ఒకదాని గింజ కోడికి మంచి మేత. రెండింటి గింజలు విషం. ఇంకొకటి పరీక్షించకుండా పెట్టకూడనిది.

ప్రశ్న ఎలా వచ్చింది

మా మావయ్యకి వేటపాలెం దగ్గర చిన్న గుడ్లకోళ్ళ షెడ్డు ఉంది. కోళ్ళ పెంపకంలో మొత్తం ఖర్చులో 60 నుంచి 70 శాతం దాణాకే పోతుంది. దాణాలో ప్రొటీన్ కోసం వాడే సోయా చెక్క ధర పెరిగితే రైతు నడ్డి విరిగినట్టే. 2021లో ఆ ధర ఎంత పెరిగిందంటే, కేంద్ర ప్రభుత్వం ఆ ఆగస్టులో 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా చెక్కను దిగుమతి చేసుకోవడానికి అనుమతి ఇవ్వాల్సి వచ్చింది. అప్పటినుంచి ‘సోయాకి బదులు ఇది పెట్టండి’ అని చెప్పే ప్రతి వీడియోనీ మావయ్య చూస్తాడు.

ఒకరోజు ఫోన్ చేశాడు. “ఒరేయ్, జనప గింజలు పెడితే గుడ్డులో ఒమేగా ఏదో పెరుగుతుందంట. విదేశాల్లో పెడుతున్నారంట. జనుము మన దగ్గర దొరికేదే కదా, కాస్త చూసి చెప్పు” అన్నాడు. “చూసి చెప్తాను గానీ, అప్పటిదాకా ఒక్క గింజ కూడా వెయ్యొద్దు మావయ్యా” అన్నాను.

ఆ వీడియోలో ఇంగ్లీషు మాట హెంప్. కింద తెలుగులో ‘జనపనార గింజలు’ అని రాశారు. నేను కూడా ఒక అనువాద యాప్‌లో హెంప్ అని కొట్టి చూశాను. జనపనార అనే వచ్చింది. నిజానికి ఆ యాప్‌ని తిట్టడం కూడా కష్టమే. పాత తెలుగు–ఇంగ్లీషు నిఘంటువుల్లోనే జనుముకి ఎదురుగా హెంప్ అనే మాట కనిపిస్తుంది. అలాంటి పాత పుస్తకాల కోసం మనం దూరం వెళ్ళక్కర్లేదు కూడా. 1918లో మొదలైన సారస్వత నికేతనం మన వేటపాలెంలోనే ఉంది. మాట తప్పు కాదు. అది ఏ కాలంలో, ఏ పని కోసం పుట్టిందో మనం మర్చిపోయాం, అంతే.

ఆ మాట ఎలా పాకింది

తెరచాప ఓడల కాలంలో యూరప్‌కి తాళ్ళు, తెరచాపలు ప్రాణం. వాటికి కావలసిన నార హెంప్ మొక్క నుంచి వచ్చేది. తెరచాప గుడ్డకి ఇంగ్లీషులో ఉన్న కాన్వాస్ అనే పేరు కూడా కన్నబిస్ నుంచి పుట్టిందే. బ్రిటిష్ నౌకాదళం ఆ నార కోసం ఎక్కువగా రష్యా మీద ఆధారపడేది. యుద్ధాలొచ్చి సరఫరా ఆగుతుందేమో అన్న భయంతో ఈస్టిండియా కంపెనీ మన దేశంలో బదులు నార కోసం వెతికింది. సామర్లకోటలో కంపెనీ తోటని చూసుకుని, 1793లో కలకత్తా తోటకి వెళ్ళిన విలియం రాక్స్‌బర్గ్ అనే వృక్షశాస్త్రవేత్త ఇక్కడి నారలని హెంప్‌తో పోల్చి వాటి బలం పరీక్షించాడు.

గట్టి నార ఇచ్చే మొక్క ఏది కనబడినా దాని పేరు చివర హెంప్ అని తగిలించడం అలా అలవాటైంది. మన జనుము సన్ హెంప్ అయింది. మన గోగు దక్కన్ హెంప్ అయింది. ఫిలిప్పీన్స్‌లో అరటి జాతి మొక్క నార మనీలా హెంప్ అయింది. అంటే అప్పట్లో హెంప్ అన్నది నార వ్యాపారంలో ఒక కేటగిరీ పేరులా పనిచేసింది. తాడు పేనేవాడికి ఆ పేరు సరిపోతుంది. మన తీరంలో నైలాన్ రాకముందు చేపల వలలకి జనపనార వాడేవారు, వాళ్ళకి కావలసింది కూడా నారే. గింజ తినబోయే కోడికి మాత్రం ఆ పేరు ఏమీ చెప్పదు.

నాలుగు మొక్కలు, నాలుగు రకాల గింజలు

మొదటిది అసలు హెంప్. శాస్త్రీయ నామం కన్నబిస్ సటైవా. గంజాయి కూడా ఇదే జాతి. మత్తునిచ్చే టీహెచ్‌సీ అతి తక్కువగా ఉండే రకాలని నార కోసం, గింజ కోసం పెంచితే వాటిని పారిశ్రామిక హెంప్ అంటారు. గింజ గుండ్రంగా, 3 నుంచి 5 మిల్లీమీటర్ల సైజులో, బూడిద రంగు పెంకు మీద వల అల్లినట్టు గీతలతో ఉంటుంది.

రెండోది జనుము. శాస్త్రీయ నామం క్రొటలేరియా జున్సియా. చిక్కుడు కుటుంబం. మన డెల్టా రైతులకి ఇది పచ్చిరొట్ట పైరు. వేర్ల మీది బుడిపెల్లో నత్రజని పట్టి ఉంచుతుంది కాబట్టి పూతకొచ్చే సమయంలో నేలలో కలియదున్నుతారు. పసుపుపచ్చ పూలు పూస్తుంది. ఎండిన కాయని ఊపితే లోపల గింజలు గలగలమంటాయి. క్రొటలేరియా అన్న పేరే చేతాళాల లాంటి వాయిద్యానికి ఉన్న గ్రీకు మాట నుంచి వచ్చింది. గింజ ముదురు రంగులో, మూత్రపిండం ఆకారంలో ఉంటుంది. పొలానికి ఇంత మేలు చేసే ఈ జాతి మొక్కల గింజల్లో పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు అనే పదార్థాలు ఉంటాయి. జంతువు తిన్నాక ఇవి కాలేయంలోకి వెళ్తాయి. విషాన్ని విరిచెయ్యాల్సిన కాలేయమే వీటిని ఇంకా ప్రమాదకరమైన రూపంలోకి మారుస్తుంది. ఆ రూపం కాలేయ కణాలకి అతుక్కుని వాటిని చంపుతుంది. క్రొటలేరియాలోనే కొన్ని జాతులు జనుము కంటే చాలా ఎక్కువ విషం. జనుములో మోతాదు తక్కువే. అయినా దాణాలో ఎక్కువగా పడితే కోడిపిల్లల పెరుగుదల తగ్గిపోతుంది. మోతాదు దాటి చాలా రోజులు పడితే కాలేయం పాడవుతుంది. తిన్నరోజే కోడి పడిపోతే రైతుకి కారణం దొరుకుతుంది. మెల్లగా చిక్కిపోతే దొరకదు.

మూడోది గోగు. శాస్త్రీయ నామం హైబిస్కస్ కన్నబినస్. ఈ పేరులో ఉన్న కన్నబినస్‌కి ‘కన్నబిస్ లాంటిది’ అని మాత్రమే అర్థం. మన గోంగూరకి దగ్గర చుట్టం. భీమునిపట్నం రేవు నుంచి దీని నార ఎగుమతి అయ్యేది కాబట్టి బిమ్లీపట్నం జూట్ అని ప్రపంచమంతా పిలిచింది. అంటే ఒకే మొక్కకి హెంప్ అనీ పేరు, జూట్ అనీ పేరు! ఇది పత్తి కుటుంబం మొక్క. పత్తిగింజల చెక్క గుడ్లకోళ్ళకి ఎక్కువ పెడితే పచ్చసొన, తెల్లసొన రంగు మారతాయని పౌల్ట్రీ వాళ్ళకి బాగా తెలుసు. దానికి కారణమయ్యే కొవ్వు ఆమ్లాలు ఈ కుటుంబంలో మిగతా మొక్కల గింజల్లో కూడా ఉంటాయి. అందుకే గోగు గింజని పరీక్ష లేకుండా దాణాలో కలపకూడదు.

నాలుగోది గోనెసంచుల జూట్. శాస్త్రీయ నామం కార్కోరస్. ఇప్పుడు మనం జనపనార సంచి అన్నప్పుడు చాలాసార్లు చెప్పేది దీని గురించే. దీని ఆకుని కొన్నిచోట్ల కూరగా వండుకుంటారు. గింజలో మాత్రం గుండె మీద పనిచేసే గ్లైకోసైడ్లు ఉంటాయి. పశువులకీ కోళ్ళకీ ఇది విషమే.

ఇప్పుడు ‘జనపనార గింజలు కోళ్ళకి పెట్టండి’ అన్న వాక్యాన్ని మళ్ళీ చదవండి. రాసినవాడు మొదటి మొక్క గురించి రాశాడు. చదివినవాడి దగ్గర రెండో మొక్క ఉంది. దానికి తోడు జనుము విత్తనం ఖరీఫ్ ముందు రైతులకి సబ్సిడీ మీద తేలిగ్గా దొరుకుతుంది. అది పొలంలో చల్లడానికి అమ్మే విత్తనం. విత్తనానికి మందు పట్టించి ఉంటే ప్రమాదం రెండింతలు.

మరి అసలు హెంప్ సంగతేంటి?

అసలు హెంప్ గింజలో సుమారు 25 శాతం ప్రొటీన్, 30 శాతం పైన నూనె ఉంటాయి. నూనె తీసేశాక మిగిలే చెక్కలో ప్రొటీన్ 30 శాతం దాటుతుంది. నూనెలో లినోలెయిక్ ఆమ్లం, ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం ఉంటాయి. రెండోది ఒమేగా-3 రకం. కోడి తిన్న కొవ్వు పచ్చసొనలోకి చేరుతుంది కాబట్టి హెంప్ గింజ తిన్న కోడి గుడ్డులో ఒమేగా-3 పెరుగుతుంది. కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయం వాళ్ళు 2012లో ప్రచురించిన పరిశోధనలో గుడ్లకోళ్ళకి దాణాలో 20 శాతం వరకు హెంప్ గింజ పెట్టి చూశారు. గుడ్ల ఉత్పత్తి దెబ్బతినలేదు, పచ్చసొనలో ఒమేగా-3 పెరిగింది.

గంజాయి జాతి కదా, గుడ్డు తింటే మత్తెక్కదా అని మీకు అనుమానం రావచ్చు. వేటపాలెం వాళ్ళకి దీనికి జవాబు జీడిపప్పు బట్టీల దగ్గరే దొరుకుతుంది. ఒకే జీడిగింజలో పప్పు కమ్మగా ఉంటుంది, పెంకులోని జిగురు నూనె తగిలితే చర్మం పొక్కిపోతుంది. మొక్క ఒకటే అయినా భాగం వేరు. హెంప్ కూడా అంతే. టీహెచ్‌సీ ఉండేది పూల దగ్గర ఉండే బంకలో. గింజ లోపల అది తయారవదు. కోత, నూర్పిడి సమయంలో ఆ బంక పెంకుకి అంటుకుంటేనే గింజలో కనిపిస్తుంది. అందుకే గింజ శుభ్రంగా ఉందో లేదో పరీక్ష చెయ్యడం తప్పనిసరి.

ఎంత పెట్టొచ్చు అన్నదానికి దేశాన్ని బట్టి లెక్క మారుతుంది. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2011లో ఇచ్చిన అభిప్రాయం ప్రకారం మాంసం కోళ్ళకి 3 శాతం, గుడ్లకోళ్ళకి 5 నుంచి 7 శాతం. అమెరికాలో దాణా పదార్థాల నిర్వచనాలు ఖరారు చేసే అధికారుల సంఘం 2024లో హెంప్ చెక్కని గుడ్లకోళ్ళకి మాత్రమే, 20 శాతం మించకుండా ఒప్పుకుంది. అక్కడ కూడా టీహెచ్‌సీకి కఠినమైన పరిమితి ఉంది. 2022లో వార్తల్లోకొచ్చిన థాయిలాండ్ కోళ్ళ కథ మాత్రం వేరు. లాంపాంగ్ ప్రాంతంలో రైతులు, చియాంగ్ మై విశ్వవిద్యాలయం పరిశోధకులు కలిసి యాంటీబయాటిక్స్‌కి బదులుగా కోళ్ళకి గంజాయి మొక్కనే దాణాలో, నీళ్ళలో కలిపి ఇచ్చారు. అది గింజ ప్రయోగం కాదు. వాట్సాప్‌లో మాత్రం రెండూ ఒకే వీడియోలో కలిసిపోయి తిరుగుతున్నాయి.

లెక్క వేసి చూద్దాం

మావయ్యకి ‘మంచిదే’ అని చెప్తే సరిపోదు, ‘ఎంత మిగులుతుంది’ అని అడుగుతాడు. కాబట్టి ఒక చిన్న లెక్క. ఖనిజాలు, గుల్లపొడి పక్కన పెట్టి ప్రొటీన్ వరకే చూద్దాం. మొక్కజొన్నలో 9 శాతం, సోయా చెక్కలో 45 శాతం, హెంప్ చెక్కలో 32 శాతం ప్రొటీన్ అనుకుందాం. దాణాలో మనకి 17 శాతం కావాలి.

మొక్కజొన్న, సోయా మాత్రమే ఉంటే: 45 − 17 = 28 పాళ్ళు మొక్కజొన్న, 17 − 9 = 8 పాళ్ళు సోయా. అంటే 100 కిలోల్లో సోయా సుమారు 22.2 కిలోలు.

ఇప్పుడు 7 కిలోల హెంప్ చెక్క వేస్తే, దాని నుంచి 2.24 కిలోల ప్రొటీన్ వస్తుంది. మిగతా 93 కిలోల నుంచి 14.76 కిలోలు రావాలి. లెక్క కడితే సోయా సుమారు 17.75 కిలోలు చాలు. అంటే 7 కిలోల హెంప్ చెక్క దాదాపు నాలుగున్నర కిలోల సోయానీ, రెండున్నర కిలోల మొక్కజొన్ననీ తప్పిస్తుంది.

దీన్నుంచి ఒక సూత్రం వస్తుంది. (32 − 9) ÷ (45 − 9) = 0.64. కాబట్టి కిలో హెంప్ చెక్క విలువ = సోయా ధరలో 0.64 వంతు + మొక్కజొన్న ధరలో 0.36 వంతు. ఉదాహరణకి సోయా 50 రూపాయలు, మొక్కజొన్న 24 రూపాయలు అనుకుంటే 32 + 8.64, అంటే సుమారు 40 రూపాయలు. అంతకన్నా ఎక్కువ పెట్టి కొంటే నష్టమే. పైగా హెంప్ ప్రొటీన్‌లో లైసీన్ అనే అమైనో ఆమ్లం సోయాలో కన్నా తక్కువ, దాన్ని విడిగా కలపాలి. ఆ ఖర్చు కూడా తీసేస్తే విలువ ఇంకా కిందికి దిగుతుంది. మన దగ్గర హెంప్ గింజ మనుషుల ఆహారంగా ఆన్‌లైన్‌లో కిలో వందల రూపాయల్లో అమ్ముతున్నారు. ఆ ధరకి కోడి తినదు, రైతు పెట్టలేడు.

పదార్థాలు ఎక్కువైతే ఈ లెక్క లీనియర్ ప్రోగ్రామింగ్ అవుతుంది. పెద్ద దాణా మిల్లులు చేసేది ఇదే: ఖర్చు తక్కువ రావాలి, ప్రొటీన్, క్యాల్షియం, లైసీన్ హద్దుల్లో ఉండాలి. పైథాన్‌లో పది లైన్లలో రాయొచ్చు. నేను రాసి చూశాను. అక్కడే నాకు అసలు విషయం తగిలింది. జనుము గింజలో కూడా ప్రొటీన్ దండిగానే ఉంటుంది. దాన్ని ఒక వరసగా చేర్చి చవక ధర వేస్తే ప్రోగ్రామ్ సంతోషంగా దాన్నే ఎంచుకుంటుంది. ఎందుకంటే టేబుల్‌లో ప్రొటీన్‌కి కాలమ్ ఉంది, ధరకి కాలమ్ ఉంది, విషానికి కాలమ్ లేదు. మనం చెప్పని హద్దుని యంత్రం ఊహించదు.

చట్టం ఏమంటుంది

1985 నాటి మాదకద్రవ్యాల చట్టం గంజాయిని నిర్వచించేటప్పుడు పూతతో కలిసి లేని గింజల్ని, ఆకుల్ని మినహాయించింది. అలాగని మొక్క పెంచుకోవచ్చని కాదు. అనుమతి లేకుండా పెంచితే పదేళ్ళ దాకా కఠిన శిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా. నార కోసం, గింజ కోసం పారిశ్రామిక సాగుకి ప్రభుత్వం అనుమతి ఇవ్వొచ్చని అదే చట్టంలో 14వ సెక్షన్ ఉంది. ఆ దారిలో ఉత్తరాఖండ్ 2018లో లైసెన్సు ఇవ్వడం మొదలుపెట్టింది. మొక్కలో టీహెచ్‌సీ 0.3 శాతం మించకూడదన్నది అక్కడి షరతు. 2021 నవంబరులో దేశ ఆహార భద్రతా సంస్థ హెంప్ గింజనీ, దాని నూనెనీ, పిండినీ ఆహారంగా గుర్తించింది. గింజలో కిలోకి 5 మిల్లీగ్రాములకి మించి టీహెచ్‌సీ ఉండకూడదంది. ఆ నిబంధన మనుషుల ఆహారం గురించి, కోళ్ళ దాణా గురించి కాదు.

మన రాష్ట్రంలో పరిస్థితి ఇంకా సున్నితం. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర పోలీసులు సుమారు 2 లక్షల కిలోల గంజాయిని ఒకేచోట తగలబెట్టారు. ఇలాంటి చోట ‘కోళ్ళకోసం నాలుగు మొక్కలు వేసుకున్నా’ అంటే ఎవరూ వినరు. దానికితోడు లైసెన్సు లేని మొక్క గింజలో టీహెచ్‌సీ ఎంతుందో కొలిచే దిక్కు ఉండదు.

మావయ్యకి చెప్పిన జవాబు, మీకు చెప్పే పద్ధతి

నేను మావయ్యకి మూడు మాటలు చెప్పాను. ఒకటి, వీడియోలో ఉన్నది జనుము కాదు, జనుము గింజ పొలానికే. రెండు, అసలు హెంప్ మంచి మేతే గానీ ఈ రోజు ధరలో, ఈ చట్టంలో మన షెడ్డుకి పనికిరాదు. మూడు, గుడ్డులో ఒమేగా-3 కావాలంటే చట్టం అడ్డురాని అవిసె గింజ ఉంది. దానికి కూడా మోతాదు ఉంది కాబట్టి బాపట్ల వ్యవసాయ కళాశాల వాళ్ళనో, పశువైద్యుణ్ణో అడిగి కలపాలి.

మూడో మాట చెప్పగానే “అవిసె అంటే మన గట్టు మీద చెట్టేనా?” అన్నాడు. చూశారా, మళ్ళీ అదే బగ్! నూనెగింజ అవిసె వేరు, దాని పేరు లైనమ్ యుసిటాటిసిమమ్. పెద్ద తెల్లపూల అవిసె చెట్టు వేరు, అది సెస్బేనియా గ్రాండిఫ్లోరా.

డేటాబేస్ క్లాసులో ప్రైమరీ కీ ఎందుకు అని అడిగితే మనం పరీక్షకోసం నాలుగు పాయింట్లు రాస్తాం. శాస్త్రీయ నామం అంటే మొక్కకి ప్రైమరీ కీ. ఊరి పేరు అందంగా ఉంటుంది, పాటలో బాగుంటుంది, అమ్మ నోట బాగుంటుంది. నోట్లోకి వెళ్ళే పదార్థం విషయంలో మాత్రం ఆ పేరు ఒక్కటీ చాలదు.

తెలుగులో వ్యవసాయ సమాచారం రాసేవాళ్ళు ఇప్పుడు ఎక్కువగా మన వయసు వాళ్ళే. వీడియోలకి సబ్‌టైటిల్స్ పెట్టేది మనం, వ్యాసాలు అనువదించేది మనం, యాప్‌లు తయారుచేసేది మనం. కాబట్టి ఈ క్లబ్బులో ఉన్నవాళ్ళకి ఒక్కటే విన్నపం. మొక్క పేరు తెలుగులోకి మార్చేటప్పుడు పక్కనే శాస్త్రీయ నామం తెలుగు లిపిలో రాయండి. ఏ భాగమో రాయండి: గింజా, ఆకా, పువ్వా, చెక్కా. ఎంత మోతాదో, ఏ కోడికో రాయండి. ఈ మూడింటిలో ఏది తెలియకపోయినా ఆ వాక్యం పోస్ట్ చెయ్యకండి. చదివేవాడి దగ్గర అప్పటికే ఒక బస్తా జనుము గింజలు ఉండొచ్చు.